ఐసా కార్డులు కొట్టుకుంటుంటే: ముందు అన్నీ పీకాలా, కాగితం మీద లెక్క రాయాలా?

పాతపెట్టె_486:
486 మిషన్ ఒకటి మళ్లీ నిలబెడుతున్నాను, డాస్ 6.22 మీద. మూడు ఐసా కార్డులున్నాయి (ఐసా అంటే పాత పీసీల్లో కార్డులు గుచ్చే స్లాట్ రకం): సౌండ్ బ్లాస్టర్ 16 సౌండ్ కార్డు, అడాప్టెక్ 1542బి స్కజీ (హార్డ్ డిస్క్‌ని నడిపే కార్డు), ఎన్‌ఈ2000 నకలు నెట్‌వర్క్ కార్డు. ఏది ఒక్కటే పెట్టినా శుభ్రంగా పనిచేస్తుంది. మూడూ కలిపితే స్కజీ బయోస్ దగ్గరే ఆగిపోయేది. సౌండ్ కార్డు మిడి పోర్ట్‌ని (సంగీత వాయిద్యాల కోసం ఉండే అడ్రస్) 300కి మార్చాక బూట్ అవుతోంది, కానీ ఇప్పుడు నెట్‌వర్క్ డ్రైవర్‌కి కార్డు కనబడటం లేదు. అన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ రమ్మని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, ముందు పెన్నూ కాగితం తియ్యమని ఇంకొకతను. మీరేమంటారు?

స్లాట్_మేస్త్రి:
పీకడమే. వీడియో కార్డు, ఫ్లాపీ ఉంచి మిగతావన్నీ తీసెయ్యండి, ఒక కార్డు పెట్టండి, బూట్ చెయ్యండి, తర్వాత ఇంకోటి. ముప్పై ఏళ్ల కార్డులివి, సగం వాటిలో గొడవ అడ్రస్‌లది కాదు, తుప్పు పట్టిన కాంటాక్టులది. ఎరేజర్‌తో రుద్ది మళ్లీ గుచ్చితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. పైగా నకలు కార్డులకి మాన్యువల్ ఎక్కడిది? ఏ జంపర్ (కార్డు మీద సెట్టింగ్ మార్చే చిన్న పిన్ను తొడుగు) ఏమిటో తెలియనప్పుడు కాగితం మీద ఏం రాస్తారు?

జంపర్_పద్దు:
మేస్త్రి గారూ, కాంటాక్టుల మాట నిజం, కానీ ఈయన కేసు అది కాదు. ఒక్కొక్కటీ విడిగా బాగా పనిచేస్తున్నాయని ఆయనే చెప్పారు కదా. ఇలాంటి చోట పీకి పెట్టే పద్ధతి మనిషిని మోసం చేస్తుంది, ఎందుకంటే కాన్‌ఫ్లిక్ట్ బయటపడేది కార్డు పెట్టినప్పుడు కాదు, రెండు కార్డులూ ఒకేసారి పనిలోకి దిగినప్పుడు.

ఈ మూడు కార్డుల ఫ్యాక్టరీ సెట్టింగులే రాసి చూడండి. పోర్ట్ అంటే ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే అడ్రస్ (నంబర్లు హెక్స్‌లో, అంటే 16 ఆధారపు లెక్కలో), ఐఆర్‌క్యూ అంటే కార్డు ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైన్, డీఎంఏ అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కార్డు మెమరీతో డేటా మార్చుకునే దారి. సౌండ్ బ్లాస్టర్ 16: పోర్ట్ 220, మిడి 330, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, 16-బిట్ సౌండ్‌కి డీఎంఏ 5. అడాప్టెక్ 1542: పోర్ట్ 330, ఐఆర్‌క్యూ 11, డీఎంఏ 5. ఎన్‌ఈ2000: పోర్ట్ 300 నుంచి 32 అడ్రస్‌లు, అంటే 31ఎఫ్ దాకా, ఐఆర్‌క్యూ 3. మొదటి గొడవ 330 దగ్గర, ఒకే డోర్ నంబర్‌తో రెండిళ్లు. మిడిని 300కి జరిపారు, అది తిన్నగా వెళ్లి నెట్‌వర్క్ కార్డు మీద కూర్చుంది. ఇక్కడ నెట్‌వర్క్ కార్డుని 340కి మార్చితే అంతా బాగైపోయిందనిపిస్తుంది. 360కి మాత్రం వెళ్లకండి, అక్కడి నుంచి 32 అడ్రస్‌లంటే 37ఎఫ్ దాకా వచ్చి, 378లో ఉన్న ప్రింటర్ పోర్ట్‌ని తొక్కేస్తుంది.

అసలు ప్రమాదం ఇంకా మిగిలే ఉంది: డీఎంఏ 5. పాత గేమ్‌లు చాలావరకు 8-బిట్ సౌండే వాడతాయి, దానికి డీఎంఏ 1 చాలు. కాబట్టి వారం రోజులు ఆడినా ఏమీ అవదు. ఎప్పుడో ఒకరోజు 16-బిట్ వేవ్ ఫైల్ మోగుతుండగా స్కజీ డిస్క్ మీద రాత మొదలైతే అప్పుడు హ్యాంగ్ అవుతుంది, లేదా డిస్క్‌లో డేటా పాడవుతుంది. ఒక్కొక్క కార్డూ గుచ్చి బూట్ చేసి చూస్తే ఇది ఏ జన్మకీ కనబడదు. కాగితం మీద మాత్రం రెండు 5లు పక్కపక్కనే ఉంటాయి.

స్లాట్_మేస్త్రి:
డీఎంఏ సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ కాగితం లేని గొడవల్ని కూడా చూపిస్తుంది. మొదటి సౌండ్ బ్లాస్టర్ ఐఆర్‌క్యూ 7 మీద వచ్చేది, ప్రింటర్ పోర్ట్‌దీ 7 కదా. కాగితం ప్రకారం కొట్టుకోవాలి. డాస్‌లో ప్రింటింగ్‌కి ఇంటరప్ట్ వాడరు, పోర్ట్‌ని మళ్లీ మళ్లీ చదువుతూ పోతుంది, అంతే. రెండూ హాయిగా ఉండేవి.

జంపర్_పద్దు:
డాస్‌లో ఉండేవి. అదే మిషన్ మీద ఓఎస్/2 2.1 (ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే ప్రింటింగ్ ఐఆర్‌క్యూ 7 అడుగుతుంది, నిన్నటిదాకా హాయిగా ఉన్నవి ఇవాళ కొట్టుకుంటాయి. అందుకే నేను ఎవరికి ఏ నంబరుందో మాత్రమే కాదు, ఎవరు దాన్ని ఎప్పుడు వాడతారో కూడా పక్కన రాస్తాను.

నాకిది కడుపు మండి నేర్చుకున్న పాఠం. సికింద్రాబాద్‌లో పాత సామాను మధ్య దొరికిన ఒక నెట్‌వర్క్ కార్డు ఐఆర్‌క్యూ 3 మీద ఉంది. నా మౌస్ కామ్2 (రెండో సీరియల్ పోర్ట్)లో, అదీ 3 మీదే. నెట్‌వర్క్ డ్రైవర్ ఎక్కింది, ఫైళ్లు కాపీ అయ్యాయి, మౌస్ డ్రైవర్ కూడా ఏ మాటా అనకుండా ఎక్కింది. ఎడిటర్ తెరిచి మౌస్ కదిపిన క్షణంలో స్క్రీన్ బిగుసుకుపోయింది. ఐసా ఇంటరప్ట్ లైన్ కింద నుంచి పైకి లేచే అంచునే గుర్తుపడుతుంది, ఒక కార్డు లైన్‌ని కింద పట్టుకుని ఉంటే రెండోది ఎంత లేపినా ఆ అంచు రాదు. తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్లలోలా పంచుకోవడం కుదరదు. ఇది తెలియక నేను రెండు ఆదివారాలు ర్యామ్ మార్చుకుంటూ కూర్చున్నాను.

మాన్యువల్ లేని కార్డుకి: దాన్ని తీసేసి డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రామ్‌లో ఐ 340 అని (ఆ పోర్ట్‌ని చదవమని) కొట్టండి. ఎఫ్‌ఎఫ్ వస్తే సాధారణంగా ఆ అడ్రస్ ఖాళీ. తర్వాత కార్డు పెట్టి మళ్లీ చదవండి, విలువ మారితే కార్డు అక్కడుందని అర్థం. ఎన్‌ఈ2000లో చివరి అడ్రస్ జోలికి మాత్రం పోకండి, దాన్ని చదివితేనే కార్డు రీసెట్ అవుతుంది. అన్నట్టు ఎంఎస్‌డీ (మిషన్ వివరాలు చూపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) చూపించే ఐఆర్‌క్యూ పట్టికని నమ్మొద్దు, డ్రైవర్ ఎక్కని కార్డు దానికి కనబడదు.

పాతపెట్టె_486:
చేశాను. నెట్‌వర్క్ కార్డు 340, ఐఆర్‌క్యూ 10. సౌండ్ కార్డు మిడి 300లోనే, హై డీఎంఏ (16-బిట్ సౌండ్‌ది) 7, బ్లాస్టర్ లైన్‌లో (సౌండ్ కార్డు సెట్టింగులు ప్రోగ్రామ్‌లకి చెప్పే లైన్) కూడా హెచ్5 తీసి హెచ్7 పెట్టాను. స్కజీని కదపలేదు. రాత్రి 16-బిట్ వేవ్ ఫైల్ మోగిస్తూ, అదే స్కజీ డిస్క్ నుంచి చదివిస్తూ గంటసేపు వదిలేశాను, ఎక్కడా ఆగలేదు. తర్వాత డీఎంఏని కావాలనే మళ్లీ 5కి పెట్టి చూశాను, ముఖ్యమైన ఫైళ్లు ముందే వేరేచోట దాచుకుని. రెండో నిమిషంలో హ్యాంగ్.