లెక్కల క్లాసులో వైకుంఠపాళి: పాచిక ఉండాలా, తీసేయాలా?

లంక మాస్టారు:
అమలాపురం దగ్గర ఒక లంక ఊళ్లో మూడో తరగతికి లెక్కలు చెబుతాను. పాత కేలండర్ల వెనక వంద గళ్ల పటాలు గీశాను. వరుసలన్నీ ఎడమ నుంచే మొదలు, 37 మీద 47 కూర్చునేలా. కాయలు చింతపిక్కలు. నియమం ఒకటే: 47లో ఉండగా నాలుగు పడితే "ఒకటి, రెండు" అని గెంతకూడదు, "48, 49, 50, 51" అంటూ జరపాలి. 2014లో లాస్కీ, సీగ్లర్ కిండర్‌గార్టెన్ పిల్లలతో చేసిన పరిశోధనలోనూ ఇలా జరిపినవారే ఎక్కువ నేర్చుకున్నారు. ఇంకెవరైనా ఆడించారా?

వశిష్ఠ తీరం:
మా అమ్మాయి బడిలోనూ ఇదే తంతు. ఎక్కం టకటకా చెప్పింది, పాచిక ఒకటి పడింది, పాము మింగింది. రాత్రి అన్నం ముట్టలేదు. పాచిక తీసేయండి. జవాబు సరైతే ఐదు గళ్లు.

అరుగు బామ్మ:
పాచిక దేనికి నాయనా? నాలుగు గవ్వలు చాలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా.

లంక మాస్టారు:
నా ఆటలో జవాబు చెప్పడమే లేదండీ. కాయ జరపడమే లెక్క.

వశిష్ఠ తీరం:
అయితే అది పాఠం కాదు, కాలక్షేపం. జీతం మాత్రం పాఠానికి.

లంక మాస్టారు:
రాత్రి పదకొండు దాకా పటాలు గీసింది కాలక్షేపానికా?

కొబ్బరితోట:
ఇద్దరూ ఆగండి. పటానికి ఎంతమంది?

లంక మాస్టారు:
ఏడుగురు.

కొబ్బరితోట:
ఒకరు ఆడుతుంటే ఆరుగురు గోళ్లు గిల్లుకుంటారు. ముగ్గురికొక పటం గీయండి. పాచిక సంగతి తర్వాత.

వశిష్ఠ తీరం:
తర్వాత కాదు. రాత పరీక్షలో ముందున్నా ఉద్యోగం నాకు రాలేదు. కష్టపడినా అదృష్టం ఉండాలని ఎనిమిదేళ్ల పిల్లకు బడే నేర్పాలా?

లంక మాస్టారు:
ఇదా మీ బాధ! ముందే చెప్పొచ్చు కదండీ. నా భయం వేరు. పాచిక తీస్తే రోజూ లెక్కలు బాగా వచ్చిన ఆ ముగ్గురే గెలుస్తారు. యాభై దాటి లెక్కపెట్టలేని పిల్లవాడొకడు ఉన్నాడు, నిన్న గెలిచాడు. వాడికోసమే ఈ ఆట.

వశిష్ఠ తీరం:
అంటే మా అమ్మాయిలాంటి పిల్లలు అలాంటివాడికి తోడు కూర్చోవాలి.

కొబ్బరితోట:
మాస్టారూ, నిజం చెప్పండి. అంకెలు వాడే పలికాడా, పక్కవాళ్లు అందించారా?

లంక మాస్టారు:
మొదటి రెండు ఆటల్లో అందించారు. వాడు గెలిచేలా ఉన్నాడని తెలిశాక మూడో ఆటలో ఎవరూ నోరు విప్పలేదు. 59 తర్వాత చాలాసేపు ఆగాడు.