అంబేడ్కర్–నత్త కార్టూన్ పాఠ్యపుస్తకంలో ఉండాలా, వద్దా?

సివిక్స్ మాస్టారు:
2012 మే నెలలో పార్లమెంటులో పెద్ద గొడవైన కార్టూన్ ఇది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో ఉండేది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కొరడా పట్టుకుని కూర్చుంటారు. వెనక నెహ్రూ చేతిలో ఇంకో కొరడా. జనం చూస్తుంటారు. 1949 ఆగస్టులో కార్టూనిస్టు శంకర్ గీశారు. అంబేడ్కర్‌ను అవమానించారని, మనోభావాలు దెబ్బతిన్నాయని సభలో గొడవ కాగానే అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ తీసేస్తామన్నారు. పుస్తకం సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. పుణె యూనివర్సిటీలో పల్షీకర్ ఆఫీసును ధ్వంసం చేశారు.

తీసేయడం తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. రాజ్యాంగానికి దాదాపు మూడేళ్లు ఎందుకు పట్టిందనుకుంటున్నారు అని ఆ బొమ్మ పక్కనే పిల్లల్ని అడిగారు. జవాబు ఆ పాఠంలోనే ఉంది. అంతకంటే మంచి ప్రశ్న సివిక్స్‌లో ఏముంటుంది?

ఒంగోలు పాఠకురాలు:
మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోలేను. కారంచేడు మాకు దూరం కాదు. 1985లో అక్కడ మా దళితుల్ని ఎలా చంపారో ఇంట్లో వింటూ పెరిగాం. కొరడా కనబడితే మా కళ్లు ముందు అటే పోతాయి. నెహ్రూ కొరడా నత్త మీదా, నత్త మీద కూర్చున్న మనిషి మీదా? బొమ్మ చూసి తేల్చి చెప్పండి.

ఇంకో మాట. ముసాయిదా కమిటీలో ఏడుగురుంటే ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరికి వేరే పనులు, ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండిపోయారు, చివరికి భారమంతా అంబేడ్కర్ మీదే పడింది. ఇది నా మాట కాదు, 1948 నవంబర్ 5న రాజ్యాంగ సభలో సభ్యుడు టి.టి.కృష్ణమాచారి చెప్పిన మాట. అప్పటికే అంబేడ్కర్‌కు షుగర్. మోసిన మనిషినే నత్త ఎక్కించి చూపిస్తే ఎలా? పేపర్లో అయితే నచ్చకపోతే పేజీ తిప్పేస్తాం. పాఠంలో ఉన్నదాన్ని మా పిల్లలు పరీక్ష కోసం చదవాలి.

పాత పేపర్లు:
ఇలా తీసేస్తూ పోతే ఎక్కడ ఆగుతుంది? 1987లో ఎమ్మెల్యేల మీద ముఖచిత్రంగా కార్టూన్ వేసినందుకు తమిళ వారపత్రిక ఆనంద వికటన్ సంపాదకుణ్ణి తమిళనాడు అసెంబ్లీ జైలుకు పంపింది. 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ని కార్టూన్ ఈమెయిల్ చేశారని అరెస్టు చేశారు. ఆయన కేసు నుంచి బయటపడేసరికి 2023 వచ్చింది.

నేను ఒక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో పదకొండేళ్లు చేశాను. ఒక రాత్రి పేజీ ప్రింటింగ్‌కి వెళ్లబోతుంటే కార్టూన్ ఆపమని ఫోన్. ఆ చోట టూత్‌పేస్ట్ యాడ్ పెట్టి పంపాం. ఫోన్ చేసినాయన కూడా "మనోభావాలు" అనే అన్నాడు.

ఒంగోలు పాఠకురాలు:
అన్నా, నాయకుడికి కోపం రావడం వేరు, మా పిల్లవాడు క్లాసులో తల దించుకోవడం వేరు. ఇద్దరూ ఒకే మాట వాడినంత మాత్రాన రెండూ ఒకటైపోవు. పదకొండేళ్లలో మీ డెస్క్‌లో మావాళ్లు ఎంతమంది ఉన్నారు? కార్టూన్ గీసేచోట, సంపాదకీయం రాసేచోట మేముంటే బొమ్మకు బొమ్మతోనే జవాబిచ్చేవాళ్లం. పల్షీకర్ ఆఫీసు పగలగొట్టడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

పాత పేపర్లు:
ఒక్కరు ఉండేవారు. రెండేళ్లకు మానేశారు. ఎందుకని అప్పట్లో నేనూ అడగలేదు. అడగాల్సింది.

సివిక్స్ మాస్టారు:
పోయినేడు ఆ బొమ్మ ప్రింట్ తీసి ఇంటర్ పిల్లలకు పంచాను. వెనక బెంచీలో ఒకబ్బాయి కాగితాన్ని మడిచి, నెహ్రూ కనబడకుండా చేసి చూస్తున్నాడు. ఏంట్రా అంటే, "ఈయన కొరడా నత్త మీదే సార్. ఆయనది ఎవరి మీదో తెలియట్లేదు" అన్నాడు. అమ్మా, మీరడిగిందీ అదే. నా దగ్గర జవాబు లేకపోయింది.

మర్నాడు 1949 నవంబర్ 25న అంబేడ్కర్ చేసిన ప్రసంగం తెలుగు చేసి తీసుకెళ్లాను. ఆలస్యం చేశారన్న విమర్శకు ఆయనే అందులో లెక్క చెప్పారు. కెనడాకు రెండేళ్ల ఐదు నెలలు, ఆస్ట్రేలియాకు తొమ్మిదేళ్లు పట్టాయి. మనకు 7,635 సవరణలు వచ్చాయి, సభలో 2,473 ప్రవేశపెట్టారు. ఆ అబ్బాయి 2,473 కింద గీత గీసి, "ఇన్నీ ఆయనే చూసుకున్నారా సార్" అని అడిగాడు.

అందుకే అంటున్నాను, బొమ్మ తీయొద్దు. కానీ అదే పేజీలో ఆయన జవాబు, మీరు చెప్పిన కృష్ణమాచారి మాటలు వేయాలి. అవి లేకుండా బొమ్మ ఒక్కటే వేయడం లోపమేనని ఒప్పుకుంటున్నాను.

ఒంగోలు పాఠకురాలు:
అలా వేస్తే ఆలోచిస్తాను మాస్టారూ. కానీ మర్నాడు ఆ కాగితం పట్టుకొచ్చే మాస్టారు ప్రతి కాలేజీలో ఉంటారని నాకు నమ్మకం లేదు.