200 కి.మీ. బ్రెవేకి పానకం, ఇడ్లీ సరిపోతాయా? జెల్స్ కొనక తప్పదా?

సాగర్‌రోడ్:
అందరికీ నమస్తే. మొదటిసారి 200 కి.మీ. బ్రెవేకి (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్, రేసు కాదు) పేరిచ్చాను. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే మీద నకిరేకల్ దాకా వెళ్ళి రావాలి, గడువు 13 గంటల 30 నిమిషాలు. గ్రూపులో సీనియర్లు 45 నిమిషాలకొక జెల్ (రైడ్‌లో శక్తి కోసం మింగే తియ్యటి చిక్కటి ప్యాకెట్) లెక్కన తెచ్చుకోమంటున్నారు, అంటే తొక్కే తొమ్మిదిన్నర గంటలకి 13 దాకా అవుతాయి. ఒక జెల్ ధరకి డజను అరటిపళ్ళు వస్తాయి కదా, పానకం, ఇడ్లీ, అరటిపళ్ళతో నడవదా? బరువు 72, సగటు వేగం 21–22. షుగరు, బీపీ లేవు.

జొన్నరొట్టె:
ఒక్క జెల్ కూడా అక్కర్లేదు తమ్ముడూ. పొద్దున నాలుగింటికి రాగి సంగటి గానీ రెండు జొన్నరొట్టెలు గానీ తిని బయల్దేరు. దారిలో బెల్లం పానకం, మజ్జిగ, రెండు పల్లీపట్టీలు. జెల్‌లో ఉండేది మాల్టోడెక్స్‌ట్రిన్, రక్తంలో చక్కెరని రాకెట్‌లా లేపే పిండి. బెల్లం నెమ్మదిగా కరుగుతుంది, ఇనుము కూడా ఉంటుంది.

వాట్‌మీటర్:
జెల్స్ అక్కర్లేదన్నది ఒప్పుకుంటాను. మిగతాది చాలా వరకు ఒప్పుకోను.

సాగర్ గారూ, 72 కిలోల మనిషి ఆ వేగంతో తొక్కితే గంటకి 400–470 కేలరీలు ఖర్చవుతాయి. తొమ్మిదిన్నర గంటలకి 4000 అటూ ఇటూ అవుతుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ పిండిపదార్థం) మొత్తం కలిపినా ఇంచుమించు 2000 కేలరీలే. కొవ్వు కొంత ఇస్తుంది కానీ, ఎదురుగాలిలోనూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడూ కొవ్వు ఒక్కదాని మీద బండి లాగదు. అందుకే మీ వేగానికి గంటకి 45–60 గ్రాముల కార్బ్ (కార్బోహైడ్రేట్, అంటే పిండి, చక్కెర) కావాలి. రేసుల్లో చెప్పే 90 గ్రాములు మీకు అవసరం లేదు.

గ్లూకోజ్ ఒక్కటే తీసుకుంటే పేగు గంటకి 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. ఫ్రక్టోజ్ వేరే దారిలో పోతుంది కాబట్టి రెండూ కలిస్తే ఇంకాస్త పడుతుంది. బెల్లంలో ఉన్నది ప్రధానంగా సుక్రోజే, అంటే సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. కాబట్టి పానకం పనికొస్తుంది. కొలత: లీటరు నీళ్ళకి 60 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు. 750 మి.లీ. బాటిల్‌కి 45 గ్రాముల బెల్లం పడుతుంది, అందులో చక్కెర 40 గ్రాముల దాకా. దానితో పాటు సగం అరటిపండు తింటే ఆ గంటకి 50 దాటుతుంది.

రొట్టె, సంగటి ముందు రాత్రి తినండి, ఉదయం వద్దు. పీచు ఎక్కువ, చౌటుప్పల్ చేరేలోపే కడుపు బరువెక్కుతుంది. పల్లీపట్టీ కూడా రైడ్ మధ్యలో పనికిరాదు. పల్లీలో దాదాపు సగం నూనే, కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.

నల్లమల‌ఘాట్:
అన్నా, పానకంల మిరియాలు ఎయ్యకు. ఎండల కడుపు మండుతది. శొంఠి చిటికెడు చాలు.

జొన్నరొట్టె:
వాట్‌మీటర్ గారు బెల్లాన్నీ పంచదారనీ ఒకే గాటన కట్టేశారు. రెండూ ఒకటే అయితే మన పెద్దవాళ్ళు ఎండాకాలంలో పంచదార నీళ్ళు తాగమనేవాళ్ళు.

వాట్‌మీటర్:
రక్తంలో చక్కెర పెంచే విషయంలో బెల్లం పంచదార కన్నా మెరుగని చెప్పడానికి ఆధారం లేదు. ఇనుము కొంత ఉంటుంది కానీ, బాటిల్‌లో పడే 45 గ్రాముల నుంచి వచ్చేది రక్తహీనత తీర్చేంత కాదు. రుచి కోసం వాడండి, తక్కువ ధర కోసం వాడండి, నాకు అభ్యంతరం లేదు. ఆరోగ్యం పేరు చెప్పి వాడకండి.

జొన్నరొట్టె:
శుద్ధి చేసిన చక్కెరలో ఏమీ మిగలదు, బెల్లంలో పొటాషియం, మెగ్నీషియం మిగులుతాయి. అది ఆరోగ్యం కాదా?

వాట్‌మీటర్:
ఒక అరటిపండులో అంతకన్నా ఎక్కువ పొటాషియం ఉంటుంది.

భీమిలి_పద్మ:
బెల్లం, పంచదార గొడవలో ఉప్పు సంగతి పక్కకి పోయింది. ఎండాకాలంలో బ్రెవేలు సగంలో ఆగిపోయేది ఆకలి వల్ల కన్నా నీళ్ళూ ఉప్పూ లెక్క తప్పడం వల్లే ఎక్కువ.

సాగర్ గారూ, ముందు మీ చెమట కొలుచుకోండి. ఒళ్ళంతా తుడుచుకుని బరువు చూడండి, అదే ఎండలో గంట తొక్కండి, మళ్ళీ తుడుచుకుని చూడండి. 72.0 నుంచి 71.4కి దిగింది, మధ్యలో అర లీటరు తాగారు అనుకుందాం. గంటకి 1.1 లీటర్లు పోయినట్టు. అంతా తిరిగి నింపాలని లేదు, రైడ్ చివర బరువు 2 శాతానికి మించి తగ్గకపోతే చాలు. మొదటికన్నా బరువు పెరిగితే మాత్రం ప్రమాదం. ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వికారం దాని గుర్తులు. చూసినవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు, అదే ప్రాణం మీదికి తెస్తుంది.

చెమటలో సోడియం మనిషిని బట్టి మారుతుంది. లీటరుకి 500 మి.గ్రా. పోయేవాళ్ళున్నారు, 1500 పోయేవాళ్ళున్నారు. జెర్సీ మీద తెల్లటి చారలు కట్టేవాళ్ళు రెండో రకం. పావు చెంచా ఉప్పులో సోడియం 600 మి.గ్రా. దగ్గర ఉంటుంది. మీకు చారలు కడితే లీటరుకి అర చెంచా దాకా వెళ్ళండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ, కాబట్టి ఉప్పుకి అది బదులు కాదు. కంట్రోల్ (దారిలో ఆగి కార్డు మీద ముద్ర వేయించుకునే చోటు) దగ్గర ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మేలు.

చెయిన్‌లూబ్:
ఓఆర్‌ఎస్ పోసుకుంటే పోదా?

భీమిలి_పద్మ:
ఓఆర్‌ఎస్ ఉప్పు కోసం మంచిదే, శక్తి కోసం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, అంటే 54 కేలరీలు. ఉప్పు 2.6 గ్రాములు. ప్యాకెట్‌ని పూర్తి లీటరులో కలపాలి, అర లీటరు బాటిల్‌లో మొత్తం గుమ్మరిస్తే కడుపు తిప్పుతుంది. ఇంకొకటి: టెట్రా ప్యాక్‌లో తియ్యగా ఉండేవి చాలావరకు ఓఆర్‌ఎస్ కానే కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) ఆ ఫార్ములాకి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ మీద ఫార్ములా చదివి కొనండి.

జొన్నరొట్టె:
పద్మ గారు చెప్పినవి బాగున్నాయి. కానీ ఉదయం సంగటి వద్దన్న మాట నేను ఒప్పుకోను. సీమలో, తెలంగాణలో సంగటీ జొన్నరొట్టే తిని రోజంతా పొలం దున్నారు. వాళ్ళకి ఏ జెల్ ఇచ్చారు? వాళ్ళ కడుపు బరువెక్కలేదా?

వాట్‌మీటర్:
పొలంలో మనిషి కాసేపు ఆగుతాడు, నీడకి పోతాడు, మధ్యాహ్నం మళ్ళీ తింటాడు. సైకిల్ మీద నడుము వంగి ఉంటుంది, రక్తం కాళ్ళకి పోతుంది, పేగుకి అందేది తగ్గుతుంది. 100 గ్రాముల రాగిపిండిలో 11 గ్రాముల పీచు ఉంటుంది. మామూలు రోజున అది వరం. స్టార్ట్‌కి గంట ముందు తింటే రెండో కంట్రోల్ దగ్గర టాయిలెట్ వెతుక్కోవాలి. ఉదయానికి నాలుగైదు ఇడ్లీలు, కాస్త పంచదార గానీ తేనె గానీ, రెండు గంటల ముందు. కొబ్బరి చట్నీ, నెయ్యి కారం తగ్గించండి. ఒక్కో చిన్న ఇడ్లీకి 8–10 గ్రాముల కార్బ్ వస్తుంది.

జేబులోకి అటుకుల ముద్దలు చేసుకోండి. 50 గ్రాముల అటుకులు తడిపి గట్టిగా పిండి, 25 గ్రాముల బెల్లం పాకం పట్టకుండా తురిమి కలిపి, నాలుగు ముద్దలు కట్టండి. మొత్తం 60 గ్రాముల కార్బ్. ఒక్క చేత్తో విప్పుకునేలా అల్యూమినియం కాగితంలో వదులుగా చుట్టండి. కొబ్బరి కలపొద్దు, ఎండకి పాడవుతుంది. మూడు గంటల తర్వాత తీపి మొహం మొత్తుతుంది, అప్పటికి నిమ్మకాయ పులిహోర చిన్న డబ్బా ఉంచుకోండి.

నల్లమల‌ఘాట్:
పానకం పొద్దుగాల కలిపి పెట్టుకుంటే మధ్యాహ్నంకల్ల పులుస్తది. బెల్లం పొడి, ఉప్పు ఒక్కో బాటిల్‌కి సరిపోయేటట్టు చిన్న కవర్ల కట్టుకో. కంట్రోల్ కాడ నీళ్ళు పోసుకోని కలుపు. అచ్చుబెల్లం అయితే ఇంట్లనే కరిగించి బట్టతోని వడగట్టి, సీసాల చిక్కటి పాకం తీస్కపో. ఇసుక ఉంటే బాటిల్ మూతి పట్టేస్తది.

జొన్నరొట్టె:
వాట్‌మీటర్ గారూ, మీరు ఈ ఫోరంలో ప్రతి చర్చా దారంలోనూ ఇదే రాస్తారు. గంటకి 60, గంటకి 60. దాన్ని చదివి ఏం జరుగుతోందో తెలుసా? హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్క సైకిల్ ట్రాక్ మొత్తం 23 కి.మీ. దాని మీద గంట తిరగడానికి 45 దాటినవాళ్ళు బాటిల్ నిండా చక్కెర నీళ్ళు కలుపుకొస్తున్నారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు పరీక్ష) 7.5 ఉన్నవాళ్ళు! డాక్టరు షుగరు తగ్గించుకోమని సైకిల్ ఎక్కించాడు, మీరు సైకిల్ మీద షుగరు తాగిస్తున్నారు.

వాట్‌మీటర్:
సాగర్ గారు అడిగింది 200 కి.మీ. గురించి. షుగరు లేదని మొదటి పోస్టులోనే రాశారు. ఆయన ప్రశ్నకి జవాబిస్తే మీరు ఇంకెవరి గురించో నన్ను దోషిని చేస్తున్నారు.

జొన్నరొట్టె:
అడిగేది ఒక్కరే, చదివేది వందమంది. వాళ్ళలో బ్రెవే తొక్కేవాళ్ళు ఎంతమంది? మిగతావాళ్ళంతా బరువు కోసం, షుగరు కోసం, మోకాలి కోసం తొక్కేవాళ్ళు. గంటలోపు నిదానంగా తొక్కేదానికి మంచినీళ్ళు చాలు. ఆ ఒక్క వాక్యం మీరు ఎప్పుడైనా రాశారా? 20 కి.మీ.కి ఖర్చయ్యేది 400, 450 కేలరీలు. బాటిల్‌లో 160 పోసుకుని, తిరిగొస్తూ టిఫిన్ సెంటర్లో పూరీ ప్లేటు, నెయ్యి కారం దోశ తింటే ఇంకేం తగ్గుతారు? నెలల తరబడి తొక్కినా బరువు దిగలేదని సైకిల్ అమ్మేసేవాళ్ళు నా కళ్ళ ముందే ఉన్నారు.

వాట్‌మీటర్:
రాయలేదు, రాయాల్సింది. గంట, గంటంబావు లోపు నిదానమైన రైడ్‌కి చక్కెర అవసరం లేదు. ఖాళీ కడుపుతో వెళ్ళినా ఆరోగ్యవంతులకి ఇబ్బంది లేదు.

కానీ మీరు ‘షుగరు ఉన్నవాళ్ళు చక్కెర ముట్టొద్దు’ అని అదే దారాల్లో రాస్తున్నారు. అది ఇంకా ప్రమాదం. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో తొక్కితే షుగరు 70 కిందికి పడి, చేతులు వణికి, ట్రాఫిక్‌లో పడిపోతారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఆ భయం చాలా తక్కువ. గ్లిమిపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే బయల్దేరే ముందు షుగరు చూసుకోవాలి. 90 కన్నా తక్కువుంటే 15–30 గ్రాముల కార్బ్ తీసుకుని బయల్దేరాలి. 250 దాటితే, ముఖ్యంగా ఒంట్లో బాగోలేకపోతే, ఆ రోజు తొక్కకూడదు. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాల్సిందే. పొడవాటి రైడ్ తర్వాత ఆ రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు, మోతాదు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

జొన్నరొట్టె:
ఇన్సులిన్ వాడేవాళ్ళ విషయంలో మీ మాటే సరి. మాత్రల పేర్లతో సహా రాశారు, అది నేను కూడా ఇకమీదట రాస్తాను. మిగతా షుగరు వాళ్ళకి రోజువారీ రైడ్‌లో తీపి అక్కర్లేదన్న మాట మీద మాత్రం ఉంటాను.

భీమిలి_పద్మ:
రెండో వైపు కూడా చూడండి. బరువు తగ్గాలని రైడ్‌కి ముందూ తినక, తర్వాతా తినక తొక్కే ఆడవాళ్ళు చాలామంది. నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ కాదు. శరీరానికి శక్తి చాలడం లేదని అర్థం, ఎముకలు కూడా పలచబడతాయి. వెంటనే డాక్టర్ని కలవాలి. రైడ్ తర్వాత 20–25 గ్రాముల ప్రోటీన్ రావాలి. రెండు గుడ్లు 12 గ్రాములే ఇస్తాయి, దానికి తోడు పెసరట్టు, పెరుగు కలిపితే సరిపోతుంది. మర్నాడు మళ్ళీ పొడవాటి రైడ్ ఉంటే అన్నం మానొద్దు.

సాగర్‌రోడ్:
అందరికీ ధన్యవాదాలు. ముందు రాత్రి జొన్నరొట్టె, పప్పు. ఉదయం మూడున్నరకి ఐదు ఇడ్లీలు. గంటకి ఒక పానకం బాటిల్, సగం అరటిపండు గానీ ఒక అటుకుల ముద్ద గానీ. కంట్రోల్ దగ్గర ఉప్పు మజ్జిగ. రెండు జెల్స్ అత్యవసరానికి. ఈ ఆదివారం 100 కి.మీ.లో ఇదే పద్ధతి చూస్తాను.

వాట్‌మీటర్:
జెల్ వాడితే దానితో 150–200 మి.లీ. మంచినీళ్ళు తాగండి, పానకం కాదు. రెండూ కలిస్తే కడుపులో మరీ చిక్కబడి నొప్పి వస్తుంది. 100 కి.మీ.లో ఉబ్బరం వస్తే బెల్లం 45 నుంచి 30కి తగ్గించి, ఆ తేడా ఇడ్లీతో పూడ్చుకోండి.

జొన్నరొట్టె:
గంటకి 60 అన్న మీ పోస్టు పైన ‘మూడు గంటలు దాటే రైడ్‌లకే’ అని చేర్చండి. లేదంటే ప్రతి దారంలోనూ అడ్డుపడతాను.

వాట్‌మీటర్:
చేర్చాను. రెండున్నర గంటలు అని రాశాను. గట్టిగా తొక్కేవాళ్ళకి గ్లైకోజెన్ అక్కడికే అడుగంటుతుంది.

జొన్నరొట్టె:
ట్రాక్ మీద తిరిగేవాళ్ళు గట్టిగా తొక్కరు. మూడు అని రాయండి.