సెట్ అంటే పెట్టడమేనా?

ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు నిన్న ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, “మామయ్యా, సెట్ అంటే తెలుగులో ఏంటి?” అని అడిగింది. పాఠంలో ఒకచోట సూర్యుడు సెట్ అయ్యాడు, ఒకచోట జెల్లీ సెట్ అయింది, ఇంకోచోట ఎవరో అలారం సెట్ చేశారు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో సెట్ అనే క్రియకు 430 అర్థాలున్నాయి. వివరణే దాదాపు 60,000 మాటలు. తరవాత రన్ దాన్ని దాటేసింది.

పాత ఇంగ్లీషులో సెత్తన్ అంటే కూర్చోబెట్టడం. సిట్‌కి ప్రేరణ రూపం అది. మనం కూర్చోబెట్టు అన్నప్పుడు వినిపించే ఆ ‘బెట్టు’ మన పెట్టు. అందుకే చాలాచోట్ల పెట్టు సరిగ్గా సరిపోతుంది: అలారం పెట్టు, ముహూర్తం పెట్టు, నిప్పు పెట్టు, ఎలుకలకు బోను పెట్టు. ఇంగ్లీషులో ఇవన్నీ సెట్టే.

జెల్లీ దగ్గర మాత్రం పెట్టు పనిచేయదు. రాత్రి గోరువెచ్చని పాలల్లో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడతాం. పొద్దున్నే గిన్నె కొంచెం వంచి చూస్తాం. పాలు జారకుండా గడ్డ అలాగే నిలిస్తే ‘తోడుకుంది’ అంటాం. ఇది చెప్పగానే పిల్ల ముఖం వెలిగిపోయింది. పొద్దు గుంకడానికి వేరే మాట ఉండనే ఉంది.

కప్పుల సెట్టు, లెక్కల్లో సమితి అని చదువుకున్న సెట్టు, ఇవి పుట్టుకలో వేరే మాట. లాటిన్ సెక్తా నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. శాఖ, తెగ అనే అర్థంలో వాడే సెక్ట్ కూడా దాని సంతానమే. తరవాత రెండూ కలగలిసిపోయాయి.

నాకు బాధ కలిగేది మన హైదరాబాదు మాటల్లో. ‘జాబ్ సెట్ అయింది’, ‘సంబంధం సెట్ అయితదా?’, ‘ఆ కలర్ నీకు సెట్ కాదు’. సంబంధం కుదురుతుంది, రంగు నప్పుతుంది, మెడలో నగ అమరుతుంది. మూడూ వేరువేరు సంగతులు కదా! సెట్ వచ్చి ఈ మూడింటినీ పక్కకు నెట్టేస్తోంది. మా ఇంట్లో కుదరడం ఇంకా బతికే ఉంది కానీ, నప్పడం మా అమ్మ నోటే వింటున్నాను.

ఇంకొకటి అడగాలి. స్లాబు పోశాక మా మేస్త్రీ “సెట్ కానియ్యండి సార్” అన్నాడు. సిమెంటుకు తోడుకోవడం అనలేం. మీ వైపు మేస్త్రీలు దీన్ని ఏమంటారు?