రోజుకో మాక్ టెస్టా, ఒకే ఆడియో పదిసార్లా? ఇంగ్లీష్ రీడింగ్, లిజనింగ్ సాధనపై చర్చ

వేకువజాము (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. విదేశాల్లో చదువుకి అడిగే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌కి చదువుతున్నాను. పరీక్ష ఇంకా పది వారాలుంది. ఈ నెల రోజుల్లో పద్దెనిమిది మాక్ టెస్టులు రాశాను. లిజనింగ్‌లో మొదటి టెస్టులో 24 వచ్చాయి, నిన్నటి దాంట్లో 25. రీడింగ్ అయితే 23కీ 26కీ మధ్యే తిరుగుతోంది. మా కోచింగ్ సార్‌ని అడిగితే "ఇంకా రాయి, రాస్తూ ఉంటే అదే వస్తుంది" అన్నారు. నా స్నేహితురాలేమో టెస్టులు పూర్తిగా ఆపేసి, ఒకే ఆడియోని, అందులోని మాటలు రాసి ఉన్న స్క్రిప్ట్ ముందు పెట్టుకుని పదేపదే వినమంటోంది.

40కి 30 వస్తే సుమారుగా బ్యాండ్ 7 (స్కోరు 9కి లెక్క). అంటే నాకు కావలసింది ఐదారు మార్కులు. నెల నుంచి అవే చేతికి రావడం లేదు. టెన్షన్‌తో నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?

గడియారం

టెస్టులు మాత్రం ఆపొద్దండీ. పరీక్ష హాల్లో మీకు ఎదురయ్యేది ఇంగ్లీష్ ఒక్కటే కాదు, టైం కూడా. రీడింగ్‌లో గంటలో మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు. మొత్తం చదవాల్సింది 2,150 నుంచి 2,750 పదాలు. జవాబులు ఎక్కించుకోవడానికి విడిగా టైం ఇవ్వరు. మొదటి పాసేజీ దగ్గర ముప్పై నిమిషాలు కూర్చుంటే మూడోది చదవకుండానే గుడ్డిగా పెట్టాల్సి వస్తుంది. ఆ నడక ఇంట్లో గడియారం పెట్టుకుని రాసినవాళ్లకే వస్తుంది.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. నాలుగో భాగమైతే ఒకే మనిషి ఉపన్యాసం, మధ్యలో విరామం ఉండదు. ఒక ఖాళీ తప్పిపోతే దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోవడం ఒక అలవాటు. అది టెస్టులు రాస్తేనే పడుతుంది.

మూడో ప్రయత్నం

ఒక్కసారేనా? రెండుసార్లు వినిపిస్తారని మా పక్కింటి అబ్బాయి చెప్పాడే!

గడియారం

అది కేంబ్రిడ్జ్ వాళ్ల బీ2 ఫస్ట్ లాంటి వేరే ఇంగ్లీష్ పరీక్షల్లో. అక్కడ ప్రతి రికార్డింగ్ రెండుసార్లు వస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కసారే, కానీ ప్రశ్నలు ముందే చూసుకోవచ్చు. ఇంకో ఇంగ్లీష్ పరీక్ష టోఫెల్‌లో ఆడియో అయిపోయాకే ప్రశ్న కనబడుతుంది, కాబట్టి అక్కడ నోట్స్ రాసుకోవడమే ప్రాణం. ఏ పరీక్షకి చదువుతున్నామో దాని పద్ధతి మొదట తెలుసుకోవాలి. మూడు పరీక్షల సలహాలు కలిపి పాటిస్తే ఏదీ సరిగా రాదు.

చెవిపట్టు

వేకువజాము గారూ, ఒక చిన్న లెక్క వేద్దాం. పద్దెనిమిది టెస్టులంటే ఒక్క లిజనింగ్‌లోనే 720 ప్రశ్నలు. టెస్టుకి 15, 16 పోయాయంటే దాదాపు 280 తప్పులు. వాటిలో ఏది ఎందుకు తప్పిందో మీరు చెప్పగలిగేవి ఎన్ని? స్కోరు చూసుకుని, కాసేపు బాధపడి, మర్నాడు కొత్త టెస్ట్ తెరవడం నేనూ చేశాను. ఆరు నెలలు చేశాను. ఆ ఆరు నెలల్లో నా తప్పులు ఒక్కటీ మారలేదు, పేపర్లు మాత్రం మారాయి.

నన్ను ఆపింది ఒకే ఒక్క మాట. ఒక ఆడియోలో 'హాఫ్ ఎన్ అవర్' అని ఉంది. మూడూ చిన్నప్పటి నుంచి తెలిసిన పదాలే. ఆడియోలో మాత్రం 'హాఫనవర్' అని ఒక్క ఊపిరిలో వచ్చి పోయింది. నాకు 'నవంబర్' అన్నట్టు వినిపించి ఆ ఖాళీలో నెల పేరు రాశాను! స్క్రిప్ట్ చూశాక అక్కడే ఆగి, ఆ నాలుగు సెకన్లు ఇరవైసార్లు విన్నాను. పదిహేనోసారికో ఎప్పుడో మూడు పదాలూ విడివిడిగా వినిపించాయి. ఆ తర్వాత 'ఎన్ అవర్' ఎక్కడ వచ్చినా నా చెవి తప్పలేదు.

మనకి ఇది కొత్త విషయం కాదు. 'ఎక్కడికి వెళ్తున్నావు' అని ఎవరం పలుకుతాం? 'ఎక్కడికెళ్తున్నావ్' అంటాం. 'వచ్చాడు అని' అన్నది 'వచ్చాడని' అవుతుంది. సంధి మన నోట్లోనే ఉంది. ఇంగ్లీషు మాటలోనూ సంధి ఉంది, బడిలో మాత్రం దాన్ని ఎవరూ చెప్పలేదు. 'ఎట్ ఆల్' అన్నది 'ఎటాల్' అవుతుంది, 'వాంట్ టు' అన్నది 'వానా' అవుతుంది. దానికి తోడు, ఊనిక (నొక్కి పలకడం) పడని అచ్చు వాళ్ల నోట్లో దాదాపు కరిగిపోతుంది. 'కంఫర్టబుల్' అన్నది 'కంఫ్టబుల్' అయిపోతుంది. మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలికేవాళ్లం, అందుకే ఆ కరిగిపోయిన ముక్క కోసం వెతుక్కుంటూ ఉండిపోతాం. ఈలోగా తర్వాతి జవాబు కూడా వెళ్లిపోతుంది.

అందుకని రోజుకి ఒక్క నిమిషం ఆడియో చాలు. స్క్రిప్ట్ చూడకుండా విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి. ఆగి ఆగి, ఎన్నిసార్లయినా సరే. తర్వాత స్క్రిప్ట్‌తో పోల్చండి. తప్పిన ప్రతి చోటా ఎందుకు తప్పిందో పక్కన రాయండి: పదమే తెలియదా, తెలిసిన పదమే చెవికి చిక్కలేదా, చిక్కినా వేరే జవాబు వైపు వెళ్లారా. మొదటి వారం ఆ ఒక్క నిమిషానికి నలభై నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.

గడియారం

చెవిపట్టు గారు చెప్పింది నిజమే, కాదనను. కానీ ఆవిడకి పది వారాలే ఉంది. అన్నీ పూర్తిగా విని అర్థం చేసుకుని కూడా మార్కు పోగొట్టుకునేవాళ్లు బోలెడుమంది. ఆడియోలో ముందు 'మంగళవారం' అంటారు. మీరు రాసేసుకుంటారు. వెంటనే 'అయ్యో, మంగళవారం హాలు ఖాళీ లేదు, బుధవారం పెట్టుకుందాం' అంటారు. ఇక్కడ చెవి తప్పు ఏమీ లేదు, తొందర తప్పు. దానికి మందు టెస్టులే.

చెవిపట్టు

టెస్టులు మానేయమని నేను అనలేదండీ. వారానికి ఒకటి, గడియారం పెట్టుకుని రాయమనండి. మిగిలిన ఆరు రోజులు ఆ ఒక్క టెస్టునే విప్పి చూడాలి. తొందర తప్పా, చెవి తప్పా అన్నది విప్పి చూస్తేనే కదా తెలిసేది.

పాత నోట్‌బుక్

అందరూ లిజనింగ్ మీదే పడ్డారు. రీడింగ్ గురించి నాకు తెలిసింది చెప్తాను.

పదాల సంగతి తేలకుండా ఏ కిటుకూ పనిచేయదు. భాషా బోధన మీద చాలా కాలం పరిశోధించిన పాల్ నేషన్ 2006లో ఒక లెక్క ఇచ్చారు. పాఠంలో 98 శాతం పదాలు తెలిసి ఉంటే ఎవరి సాయం లేకుండా బాగా అర్థం చేసుకోవచ్చు అనుకుంటే, అందుకు రాతలో 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు (ఒక పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం), మాటలో 6,000 నుంచి 7,000 కావాలి. 98 శాతమంటే యాభై పదాలకి ఒక్కటి తెలియకపోవడం. మీ తాజా పాసేజీ తీసుకుని తెలియని పదాల కింద గీత పెట్టి చూడండి. ప్రతి రెండు లైన్లకీ ఒక గీత పడుతోందంటే ఇంకో పాసేజీ రాసి లాభం లేదు. అంతకంటే తేలికైన పుస్తకాలు, వ్యాసాలు రోజూ అరగంట ఇష్టంగా చదవాలి. పరీక్ష రీడింగ్ కంటే తేలికైనవి చదవడం చిన్నతనం అనుకోవద్దు. వేగం అక్కడే వస్తుంది.

ఇక 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్' (నిజం, తప్పు, పాసేజీలో చెప్పలేదు) ప్రశ్నలు. చాలామంది మార్కులు ఇక్కడే పోతాయి. పాసేజీలో 'కొత్త పద్ధతి వచ్చాక దిగుబడి పెరిగింది' అని మాత్రమే ఉంది అనుకోండి. ప్రశ్నలో 'కొత్త పద్ధతి వల్ల రైతుల ఆదాయం పెరిగింది' అని ఇస్తారు. దిగుబడి పెరిగితే ఆదాయం పెరగదా అని మన బుద్ధి చెప్తుంది, ట్రూ పెట్టేస్తాం. కానీ ఆదాయం మాట పాసేజీలో లేనే లేదు, కాబట్టి నాట్ గివెన్. 'ఆదాయంలో మార్పేమీ రాలేదు' అని ఉండి ఉంటే ఫాల్స్. లోకజ్ఞానం ఎక్కువ ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పుతారని నా అనుభవం. నేను ప్రతి జవాబు పక్కనా పాసేజీలో ఏ వాక్యం చూసి పెట్టానో దాని నంబరు వేసుకునేదాన్ని. నంబరు దొరక్కపోతే నా జవాబు ఊహ అని తెలిసిపోయేది.

మూడో ప్రయత్నం

సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే లిజనింగ్ పెరుగుతుందా?

చెవిపట్టు

తెలుగు సబ్‌టైటిల్స్ అయితే మీరు చేస్తున్నది తెలుగు చదవడమే. ఇంగ్లీషువి పర్వాలేదు, కానీ మొదటిసారి లేకుండా, రెండోసారి పెట్టుకుని, మూడోసారి మళ్లీ తీసేసి చూడండి.

వేకువజాము

మీరంతా చెప్పాక నిన్న రాత్రి కూర్చుని చివరి మూడు లిజనింగ్ టెస్టులు బయటికి తీశాను. మొత్తం 46 తప్పులు. తెలియని పదం వల్ల పోయినవి 9. గడియారం గారు చెప్పినట్టు తొందరపడి మొదటి జవాబు రాసేసినవి 8. తెలిసిన పదాలే అయి ఉండి చెవికి చిక్కనివి 22! వాటిలో సగం 'థర్టీన్, థర్టీ' లాంటి అంకెలే. మిగిలిన 7 చూసి మాత్రం ఏడుపొచ్చింది. విన్నది సరిగ్గానే విన్నాను. నాలుగు చోట్ల స్పెల్లింగ్ తప్పు, మూడు చోట్ల 'రెండు పదాలకు మించకూడదు' అంటే మూడు రాశాను.

సార్‌కి చెప్పి ఈ వారం నుంచి వారానికి ఒక్క టెస్టే రాస్తాను. రోజూ ఒక నిమిషం డిక్టేషన్ మొదలుపెట్టాను. ఈ రోజుది యాభై నిమిషాలు పట్టింది.

గడియారం

22 అంటే నేను అనుకున్నదానికి మూడింతలు. సరే, మొదట చెవి పనే చూడండి. చివరి మూడు వారాల్లో మాత్రం వారానికి రెండు టెస్టులు రాయాలి, ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా ఉంటాను. 'థర్టీన్' అంటే చివర సాగి ఊనిక అక్కడ పడుతుంది, 'థర్టీ'లో మొదట్లోనే. రోజూ పది అంకెలు ఎవరిచేతనైనా చదివించుకుని రాయండి.

పాత నోట్‌బుక్

ఆ ఏడింటి సంగతి ఈ రాత్రికే తేల్చేయండి. స్పెల్లింగ్ పోయిన నాలుగూ ఏవి?

వేకువజాము

'గవర్నమెంట్'లో ఎన్ మర్చిపోయాను. 'ఎన్విరాన్‌మెంట్'లోనూ అదే ఎన్. 'ఫిబ్రవరి'లో మొదటి ఆర్ లేదు. 'అకామడేషన్' రెండు టెస్టుల్లో ఉంది, ఒకదాంట్లో సరిగ్గా రాశాను, ఇంకోదాంట్లో ఎం ఒక్కటే వేశాను.

పాత నోట్‌బుక్

అకామడేషన్‌లో సి రెండు, ఎం రెండు. ఇళ్లు అద్దెకు తీసుకునే సంభాషణ లిజనింగ్ మొదటి భాగంలో తరచూ వస్తుంది, మళ్లీ కనబడుతుంది చూడండి.