అప్‌డేట్: వాటర్ కలర్ వేస్తే పేపర్ వంకర్లు పోతోందని అడిగాను కదా

పేపర్ వంకర్లు తిరుగుతోంది, రంగులన్నీ కలిసి బురదైపోతున్నాయి అని మొన్న అడిగాను కదండీ. మీరు చెప్పినట్టే 300 జీఎస్‌ఎమ్ (అంటే బాగా మందంగా ఉండే) కాటన్ పేపర్ కొన్నా, రేటు చూసి గుండె ఆగినంత పనైంది గానీ నాలుగు వైపులా మాస్కింగ్ టేప్‌తో అట్టకి అంటించి వేస్తే ఆరాక చక్కగా చదునుగా ఉంటోంది. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెనా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే గ్రే అయితే సూపర్, నల్ల ట్యూబ్ మూత తీయడమే మానేశా. ఆదివారం బెంగళూరు కబ్బన్ పార్కులో కూర్చుని కళ్లు సగం మూసి చూస్తే వెలుగెక్కడ నీడెక్కడ భలే తెలిసింది, పక్కన వేరుశనక్కాయలు తింటున్న పెద్దాయన మాత్రం నిద్రొస్తోందా అమ్మా అని కన్నడలో అడిగారు. ఆకులు ఒక్కొక్కటీ గీయొద్దని మీరన్నారు గానీ, చెయ్యి ఇంకా మాట వినట్లేదు. జనవరిలో ఇక్కడి కుమారకృప రోడ్డులో జరిగే చిత్రసంతెకి (బొమ్మల సంత) ఎవరైనా వస్తున్నారా?