ముందు కారు సడెన్ బ్రేక్ వేస్తే, వెనక గుద్దినవాడిదేనా తప్పంతా?

పాత_ఐటెన్: పోయిన ఆదివారం ఓఆర్‌ఆర్ మీద జరిగింది. శంషాబాద్ ఎగ్జిట్ దగ్గర నేను దాదాపు 80లో ఉన్నా. ముందు కారాయన ఎగ్జిట్ దాటేశాక గుర్తొచ్చినట్టుంది, బ్రేక్ మీద నిలబడ్డాడు. నేనూ తొక్కాను గానీ ఆగలేదు. నా బానెట్ మడత పడింది, రేడియేటర్ కారిపోయింది. ఆయనకు డిక్కీ సొట్ట. "వెనకనుంచి గుద్దితే మాట్లాడేదేముంది" అని ముప్పై వేలు అడిగాడు. పక్కన ఆగిన లారీ డ్రైవర్ కూడా అదే మాట. ఇంట్లోవాళ్లు కార్లో ఉన్నారు, టెన్షన్‌లో పదిహేను వేలు ఫోన్‌పే చేసి బయటపడ్డా. ఇప్పుడు కడుపు మండుతోంది. ఓఆర్‌ఆర్ మీద ఎగ్జిట్ కోసం ఆగడం తప్పు కాదా? తప్పంతా నాదేనా?

బ్రేకుల_బాబాయ్: ఇరవై రెండేళ్లుగా క్యాబ్ తోలుతున్నా. తప్పు నీదే తమ్ముడూ, బాధపడకు. ఎంత గ్యాప్‌లో ఉన్నావో చెప్పలేదు చూడు, చెప్పనివాళ్లంతా దగ్గరగా ఉన్నవాళ్లే.

పాత_ఐటెన్: రెండు కార్ల గ్యాప్ ఉంది బాబాయ్.

బ్రేకుల_బాబాయ్: రెండు కార్లంటే ఎనిమిది మీటర్లు. 80లో పోతే సెకనుకు 22 మీటర్లు. అంటే నీ దగ్గరున్నది సెకనులో మూడోవంతు. యాక్సిలరేటర్ మీది కాలు బ్రేక్ మీద పడేసరికే సెకను అవుతుంది. ముందు కారూ ఉన్నచోట శిలలా ఆగిపోదు, అదీ జారుతూనే ఆగుతుంది. అందుకే నీకు కావాల్సింది పూర్తిగా ఆగే దూరం కాదు, కనీసం నీ కాలు పడేదాకా పట్టే దూరం. అదీ లేదు. ముందున్నది ఆవు అయినా, ఆయన బుద్ధిలేనితనం అయినా నువ్వు గుద్దేవాడివే.

కోర్టు_పక్షి: బాబాయ్ లెక్క కరెక్టే, తీర్పు సగమే. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి. 23వది, ముందు బండి హఠాత్తుగా ఆగినా తగలనంత దూరంలో ఉండాలని. 24వది, భద్రత కోసమైతే తప్ప ఎవరూ బ్రేకు హఠాత్తుగా వేయకూడదని. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా సారం అదే. అందరికీ 23 గుర్తుంటుంది, 24 గుర్తుండదు.

సుప్రీంకోర్టు రెండు రకాలుగానూ చెప్పింది. 2018లో నిషాన్ సింగ్ కేసు: ముందు ట్రక్కు సడెన్‌గా ఆగింది, పది పదిహేనడుగుల వెనకే వస్తున్న మారుతి కారు గుద్దింది. ఆ దూరం చాలదు, తప్పు కారు డ్రైవర్‌దే అన్నారు. ఇది బాబాయ్ పార్టీ.

ఇక 2025 జులైలో వచ్చిన తీర్పు చదవండి. 2017 జనవరిలో కోయంబత్తూరులో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి బైక్ మీద వెళ్తున్నాడు. ముందు కారు ఉన్నట్టుండి ఆగింది. కారుకు తగిలి పడిపోయాడు, వెనకొచ్చిన బస్సు కాలు మీదుగా పోయింది, కాలు తీసేయాల్సి వచ్చింది. గర్భిణి అయిన భార్యకు వాంతి వచ్చేలా ఉందని ఆపానన్నాడు కారాయన. హైవే మీద వెనకవాళ్లకు సిగ్నల్ ఇవ్వకుండా ఆపడానికి అది కారణం కాదని కోర్టు చెప్పింది. కారుకు 50 శాతం, బస్సుకు 30, కుర్రాడికి 20 పంచింది. వాంతికే 50 పడితే, ఎగ్జిట్ మిస్సయినందుకు ఎంత పడాలి?

బ్రేకుల_బాబాయ్: కాలు పోగొట్టుకున్న పిల్లాడికి కూడా 20 వేశారు కదా. నేననేదీ అదే, వెనకవాడు సున్నా కాడు.

కోర్టు_పక్షి: ఆ 20 గ్యాప్ ఒక్కదానికే కాదు, లైసెన్స్ లేనందుక్కూడా. అయినా మీరు మొదట "తప్పు నీదే" అన్నారు, ఇప్పుడు "సున్నా కాడు" అంటున్నారు. రెంటికీ చాలా దూరం ఉంది బాబాయ్, ఎనిమిది మీటర్ల కంటే ఎక్కువే.

షెడ్డు_మేస్త్రి: కోర్టుల సంగతి నాకు తెలీదు గానీ బండి చెబుతుంది. గట్టిగా బ్రేక్ కొడితే ముక్కు కిందికి దిగుతుంది. అప్పుడు గుద్దితే నీ బంపర్ ముందు కారు బంపర్ కిందికి దూరి, దెబ్బ బానెట్‌కూ లైట్లకూ తగులుతుంది. బ్రేకే వేయకుండా ఫోన్ చూస్తూ గుద్దితే బంపర్‌కు బంపర్ ఎదురుగా కొట్టుకుంటాయి. నీ బానెట్ మడత పడిందన్నావు, అంటే నువ్వు తొక్కిన మాట నిజం. ఆలస్యంగా తొక్కావు, అంతే.

మూడు కార్లు వరసగా గుద్దుకున్నప్పుడు ఇంకో గొడవ. మధ్యవాడు తనే ముందు గుద్దాడా, వెనకవాడు నెడితే పోయి తగిలాడా? ముందు కారులో కూర్చున్నవాళ్లను ఎన్ని కుదుపులు వచ్చాయో అడగాలి. ఒకటే అయితే నెట్టుడు కావచ్చు, రెండయితే మధ్యవాడు ముందే తగిలుండొచ్చు. ఇది పెట్టుకుని మా షెడ్డులో కస్టమర్లు చొక్కాలు పట్టుకున్నారు ఒకసారి. నేను టీ తెప్పించా.

డాలస్_గోదారి: ఇక్కడ టెక్సాస్‌లోనూ వెనకవాడిదే తప్పని మొదలెడతారు, తర్వాత శాతాలు లెక్కేస్తారు. నీ తప్పు 50 దాటితే పైసా రాదు. అందుకే 49కా 51కా అని కొట్లాట. మా కొలీగ్‌ను గట్టెక్కించింది డాష్‌క్యామే.

కోర్టు_పక్షి: మనకు ఆ గీత లేదు, 80 శాతం తప్పు నీదైనా మిగతా 20కి అడగొచ్చు. ఆగి ఉన్న బండి కూడా ప్రతిసారీ అమాయకం కాదు. రాత్రి రోడ్డు మధ్యలో లైట్లు లేకుండా నిలిపిన గ్యాస్ ట్యాంకర్‌ను కారు గుద్దిన కేసులో హైకోర్టు చెరిసగం చేస్తే, 2018లో సుప్రీం తప్పంతా ట్యాంకర్‌దే అంది.

ఐటెన్ గారూ, మీ అసలు పొరపాటు ఆ పదిహేను వేలు. ఆయన డిక్కీకి కట్టాల్సి వచ్చినా అది మీ థర్డ్ పార్టీ పాలసీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకయ్యే నష్టం కట్టే బీమా) మీద పడాలి, ప్రైవేటు కారుకు ఆస్తి నష్టం ఏడున్నర లక్షల దాకా ఉంటుంది. దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి కాబట్టి సొట్టలకు ఎవరూ వెళ్లరు, నిజమే. కానీ ఆయనకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే తన పాలసీలోనే చేయించుకోవచ్చు, తప్పెవరిదన్న ప్రశ్నే రాదు. పోయేది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఆ బోనస్ మీ జేబులోంచి కట్టించుకున్నాడు. ఇచ్చినందుకు కాగితం రాయించుకున్నారా?

పాత_ఐటెన్: లేదు సార్. ఫొటోలు కూడా రెండే, రెండూ నా బానెట్‌వి. పొద్దున ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, డిక్కీ లాక్ పడట్లేదట, ఇంకో ఎనిమిది వేలు కావాలట.

షెడ్డు_మేస్త్రి: లాక్ సర్దితే అయిపోయే పనికి ఎనిమిదా! డబ్బు పంపకు. బండి మా షెడ్డుకు తెమ్మను.

బ్రేకుల_బాబాయ్: పైసా ఇవ్వకు. "ఓఆర్‌ఆర్ మీద ఎందుకు ఆపారో రాసి పంపండి, నా ఇన్సూరెన్స్‌కు ఇస్తా" అని మెసేజ్ పెట్టు, మళ్లీ చేస్తే చూద్దాం. అది సరే గానీ తమ్ముడూ, నీ టైర్లు ఎప్పటివి?

పాత_ఐటెన్: బండితో వచ్చినవే బాబాయ్. ఎందుకు?